నాన్న ఆర్‌ఎక్స్ 100ని కోయించాలా, ఉన్నట్టే నడపాలా?

విశాఖ పెదగంట్యాడ నుంచి రాసిన ఈ పాఠకుడు పేరు వెయ్యొద్దన్నారు. వయసు 27, పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టు డ్యూటీ. వాళ్ల నాన్నగారు 1994లో కొన్న నల్ల యమహా ఆర్‌ఎక్స్ 100 ఆరేళ్లుగా వరండాలో టార్పాలిన్ కింద ఉంది. నాన్నగారు పోయి మూడేళ్లయింది. ఆర్సీ ఇప్పటికీ ఆయన పేరునే ఉంది, దాని గడువు 2019లోనే తీరింది, ఇన్సూరెన్స్ లేదు. ఈయన 90 వేలు కూడబెట్టి ఒక కస్టమ్ షాపుకి వెళ్తే 86 వేలకి కొటేషన్ ఇచ్చారు. చాంబర్ (మామూలు సైలెన్సర్ బదులు తగిలించేది) 9 వేలు, అల్లాయ్ వీల్స్ 14, డిస్కు బ్రేకుతో ముందు ఫోర్కు 16, వెనక ఛాసిస్ కోసి సింగిల్ సీటు 12, మ్యాట్ రంగు 15, ఎల్‌ఈడీ లైటూ డిజిటల్ మీటరూ 8, లేబర్ 12. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య "పాత ఇనుముకి అంత పెట్టడమేంట్రా, అమ్మేయ్" అంటున్నాడు. ఒకాయన లక్షా పదివేలు ఇస్తానని రెండుసార్లు ఇంటికొచ్చాడు, పేపర్లు తనే చూసుకుంటాడట. షాపువాళ్లు చేసిచ్చిన బొమ్మ చూపిస్తే అమ్మ "ఎనక ఎవులూ కూకోరేటి?" అని అడిగి లోపలికి వెళ్లిపోయింది, అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. "నాన్న బండే కదా, నాకు నచ్చినట్టు చేసుకుంటే తప్పేంటి?" అని ఈయన ప్రశ్న.

సమాధానం:

తప్పేం లేదు. నాన్నగారి బండిని నలుగురూ తిరిగి చూసేలా చేసి తిప్పుకోవాలనుకోవడం ముచ్చటైన కోరికే. అయితే మీరు అడిగింది బండి రూపం గురించి, ఉత్తరంలో తేలకుండా ఉన్నది బండి ఎవరిదన్న సంగతి. ముందు అక్కడ మొదలుపెడదాం, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి.

వీలునామా లేకుండా నాన్నగారు పోతే ఆ బండి మీ అమ్మగారిదీ, మీ అన్నయ్యదీ, మీదీ. తాళం మీ జేబులో ఉన్నంత మాత్రాన మీ ఒక్కరిదీ అయిపోదు. యజమాని చనిపోయిన 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలని నిబంధన. ఆ గడువు దాటినంత మాత్రాన దారి మూసుకుపోదు, ఆలస్యానికి కట్టాల్సింది కట్టి చేయించుకోవచ్చు. కావలసినవి: మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, బండి మీ పేరున మారడానికి అభ్యంతరం లేదని అమ్మగారూ అన్నయ్యా ఇచ్చే అఫిడవిట్. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీ వార్డు సచివాలయంలో అడగండి. పాలసీ తీసుకునేటప్పుడు యజమాని చనిపోయిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర దాచకండి. ఇప్పుడు దాస్తే రేపు క్లెయిమ్ రోజున అదే వాళ్లకు సాకు.

దాని వెంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్. 15 ఏళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి ఫారం 25తో చేయించుకోవాలి. ఆలస్యమైతే బైకుకి నెలకు 300 రూపాయల చొప్పున అదనపు రుసుము నిబంధనల్లో ఉంది. ఆరేళ్లకు లెక్కేసుకోండి, ఇరవై వేలు దాటుతుంది. గ్రీన్ ట్యాక్స్ వేరే. కాబట్టి షాపుకి ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్సీ కాపీ పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి, మీ బండికి మొత్తం ఎంతవుతుందో లెక్క వేయించుకుని రండి. మీ 90 వేలలో మొదటి కోత అక్కడే పడుతుంది.

రెన్యువల్‌కి ఇన్‌స్పెక్టర్ బండిని కళ్లారా చూస్తారు. లైట్లు, హారను, బ్రేకులు, సైలెన్సర్ చూసి ఛాసిస్ నంబర్ పోలుస్తారు. ఛాసిస్ కోసిన బండి అక్కడ నిలబడదు. అంటే మీకు ఏ మోజు ఉన్నా బండి ముందు కంపెనీ రూపంలో, నడిచే స్థితిలో ఆ గేటు దాటాలి. అక్కడికి నడిపించుకుని మాత్రం వెళ్లకండి. రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ లేని బండిని ట్రాలీ ఆటో ఎక్కించడమే క్షేమం.

ఇక లక్షా పదివేల ఆసామి. "పేపర్లు నేను చూసుకుంటా" అన్న మాట మీకు వరంలా వినపడి ఉండొచ్చు. అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాల్సిన యజమాని లేరు, ఆయన బదులు మీరు పెడితే అది ఫోర్జరీ. ఆర్సీ మారకుండా బండి చేతులు మారి, రేపు ఎవరినైనా గుద్దితే పోలీసులు రికార్డులో ఉన్న చిరునామాకే వస్తారు. ఆ చిరునామాలో ఉండేది మీ అమ్మగారు. అమ్మాలన్నా ఫారం 31 తప్పదు. ఒకందుకు ఇది మంచిదే. అమ్మాలా ఉంచాలా అన్నది ఈ రోజే తేల్చక్కర్లేదు, రెండు దారులకీ మొదటి మెట్టు ఒకటే. అన్నయ్యతో ఫోన్లో వాదించే బదులు "ముందు కాగితాలు సరిచేద్దాం, నీ సంతకం కావాలి" అనండి. బండిని విలువ కట్టి ఆయన వంతు ఇస్తానని కూడా మీరే ముందు చెప్పండి. ఆయన తీసుకోకపోవచ్చు. అయినా అడిగిన తర్వాత పెట్టే సంతకం గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు మీ కొటేషన్. ఇంకోసారి చదవండి. ఆరేళ్లు కదలకుండా సముద్రపు గాలిలో నిలబడ్డ, పెట్రోలుతోపాటు ఆయిల్‌నీ కాల్చే టూ స్ట్రోక్ ఇంజిన్‌కి అందులో ఒక్క రూపాయి లేదు. నాకు అన్నిటికన్నా అనుమానంగా ఉన్నది ఇదే. రంగుతో మొదలుపెట్టే షాపు ఇంజిన్ పట్టేసిన రోజున "అది వేరే పని సార్" అంటుంది.

ముందుగా, కిక్కర్ జోలికి వెళ్లకండి. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో కొంచెం టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకి వాడే ఆయిల్) పోసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు నాలుగో గేరులో వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. కదిలితే సగం గండం గడిచినట్టే. కదలకపోతే బలవంతం చేయొద్దు, బ్లాకు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్, విప్పించాలి. ట్యాంకులోని పాత పెట్రోలు మొత్తం తీసేసి లోపలికి టార్చి వేసి చూడండి. ఎర్రగా తుప్పు పొరలు కనిపిస్తే కడిగించకుండా కార్బొరేటర్ శుభ్రం చేయించడం దండగ, వారంలో దానిలోని పెట్రోలు రంధ్రం (జెట్) మళ్లీ మూసుకుపోతుంది. పెట్రోలు పైపు, ట్యాపు లోపలి వాషర్లు, ఫ్లోట్ నీడిల్ కొత్తవి వేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలో చెమ్మను లాగుతుంది. మీ పెదగంట్యాడ గాలికి సగం ఖాళీ ట్యాంకును నెలల తరబడి నిలబెట్టారంటే తుప్పును మీరే పిలిచినట్టు.

తర్వాత క్రాంక్ ఆయిల్ సీళ్లు, అంటే ఇంజిన్ ఇరుసు పక్కల గాలీ ఆయిలూ దూరకుండా ఆపే రబ్బరు రింగులు. ఇవి రెండు. రెండూ గట్టిపడి పగిలే ఉంటాయనుకోండి. ఎడమవైపు, కరెంటు పుట్టించే మాగ్నెటో దగ్గరి సీల్ పోతే ఇంజిన్ అక్కణ్నుంచి దొంగగాలి పీలుస్తుంది. మిశ్రమంలో పెట్రోలూ ఆయిలూ పలచబడి పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ముందు సూచనగా ఐడిల్ దానంతటదే పెరుగుతూ పోతుంది, ఎక్స్‌లేటర్ వదిలినా వెంటనే దిగదు. కుడివైపు, క్లచ్ పక్క సీల్ పోతే గేర్‌బాక్సు ఆయిల్‌ని లోపలికి లాగి కాలుస్తుంది. ఎడతెగని తెల్ల పొగ, తడిసి నల్లబడే ప్లగ్, తగ్గుతూ పోయే గేర్ ఆయిల్ దాని గుర్తులు. చాలామంది ఆ పొగ చూసి ఇంజిన్‌కి ఆయిల్ అందించే టూటీ పంపు ఎక్కువ పోస్తోందనుకుని దాన్ని తగ్గిస్తారు, అసలు ముప్పు అక్కడ మొదలవుతుంది. బ్లాకు విప్పినప్పుడు పిస్టన్ నెత్తిన అంకె చూడమనండి. 0.25, 0.50 అని ఉంటే ఇదివరకు బోరు చేశారన్నమాట, అంటే సిలిండర్‌ని లోపల చెక్కి వెడల్పు చేశారు. 1.00 దాకా వచ్చేసి ఉంటే ఇంక బోరు లేదు, సిలిండర్ లోపల కొత్త గొట్టం (స్లీవు) వేయించాలి. అది ఆటోనగర్లో మంచి లేత్ పనివాళ్ల చేతిలోనే పెట్టండి. బోరు చేయించాక మొదటి 500 కిలోమీటర్లు ఫుల్ త్రాటిల్ ఇవ్వకండి, ఒకే స్పీడులో గంటల తరబడీ లాగకండి.

టూటీ పంపు తీసేసి పెట్రోల్లోనే కలుపుకోమని కొందరు మెకానిక్‌లు చెబుతారు. అదొక పద్ధతే, కానీ లీటరుకు ఎంతన్నది బంకు దగ్గర ప్రతిసారీ మీరే కొలవాలి, నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లకి ఒక్కసారి మరిచిపోతే చాలు. పంపు బాగుంటే ఉంచండి. ఆరేళ్లలో ఆయిల్ దిగిపోయి గొట్టంలో గాలి చేరి ఉంటుంది. పంపు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఆయిల్ వదిలి బిగించాలి. ధైర్యం చాలకపోతే మొదటి ట్యాంకుకి లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ అదనంగా కలపండి. పొగ వస్తుంది, ఇంజిన్ బతుకుతుంది.

చాంబర్ మీద మీకు మోజు ఎక్కువన్నది ఉత్తరంలోనే తెలుస్తోంది. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ ఉత్త గొట్టం కాదు. బయటికి పోయే ఒత్తిడి అలను వెనక్కి కొట్టి, సిలిండర్ రంధ్రం (పోర్టు) దాటిపోబోతున్న పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్లోకి తోస్తుంది. చాంబర్ ఆ పనిని పై స్పీడుకి సరిపడేలా మారుస్తుంది. పైన లాగుడు పెరుగుతుంది, కింద తగ్గుతుంది. గాజువాక జంక్షన్‌లో లారీల మధ్య ఫస్ట్, సెకండ్ గేర్లలో మీకు కావలసింది ఆ కిందిదే. పైగా మెయిన్ జెట్ పెంచకుండా చాంబర్ ఒక్కటీ తగిలిస్తే ఫుల్ త్రాటిల్‌లో పెట్రోలు చాలదు. ప్లగ్ తెల్లగా సున్నం పూసినట్టు కనిపిస్తే అదే సంగతి. ప్లగ్ మొన ముదురు టీ రంగులో ఉండాలి. మీరు వెతుకుతున్న పికప్ సగం పాత సైలెన్సర్లోనే ఇరుక్కుని ఉండొచ్చు. తోక చివరి బోల్టు విప్పితే లోపలి గొట్టం బయటికి వస్తుంది. దానికి జిగురులా పట్టిన మసిని కాల్చి గీకి తిరిగి పెడితే బండి నడకలో తేడా మీకే తెలుస్తుంది. ఆ గొట్టం తీసి పారేస్తే మిగిలేది చప్పుడే.

ఆ చప్పుడు ఖరీదు కూడా చెప్పాలి. ఈ సీసీ బండికి శబ్ద పరిమితి 77 డెసిబెల్స్. దాటితే మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. మన నగర పోలీసులు ఇలాంటి సైలెన్సర్లు పట్టుకుని రోడ్ రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. మీ 9 వేలు ఆ రోలర్ కిందికే పోవచ్చు.

ఛాసిస్ కోత దగ్గర మాత్రం నా అభిప్రాయం నీళ్లు నమలకుండా చెబుతాను: వద్దు. వెనక లూప్, అంటే సీటు కింది ఛాసిస్ గొట్టం, కోస్తే మడ్‌గార్డుకీ, లైటుకీ, నంబర్ ప్లేటుకీ ఆధారం పోతుంది. పలచటి గొట్టం మీద వెల్డింగ్ పడ్డచోట కొన్నాళ్లకి వెంట్రుకవాసి పగులు వస్తుంది, రంగు కింద అది కనపడదు. చట్టం చూస్తే 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ కంపెనీ కూడా చెప్పకుండా చేసిన మార్పులు చూపించి డబ్బు ఎగ్గొడుతుంది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి కోసిన ఛాసిస్‌కి బదులు కొత్తది దొరకదు. లక్షా పదివేలు ఇస్తానన్న ఆసామి కూడా కోసిన బండికి ఆ ధర ఇవ్వడు, అడిగి చూడండి.

డిస్కు ఫోర్కు, అల్లాయ్‌ల కథా అంతే. వేరే మోడల్ చక్రం ఎక్కిస్తే బేరింగుల కొలత, చెయిన్ లైను తప్పుతాయి. డ్రమ్ము బ్రేకు పట్టట్లేదని కాబోలు డిస్కు అడిగారు. డ్రమ్ము లేత్ మీద గుండ్రంగా చెక్కించి, కొత్త షూలూ కొత్త కేబులూ వేయించి, బ్రేకు నొక్కినప్పుడు డ్రమ్ము మీది లివరూ కేబులూ ఇంచుమించు లంబకోణంలో ఉండేలా సర్దించండి. ఆ బరువు బండికి అది చాలు. పాత బ్రేకు షూల బండ్లలో ఆ కోణం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, ఎంత నొక్కినా పట్టదు.

మరి మీ సరదా సంగతి? బోల్టుతో బిగించి బోల్టుతో తీయగలిగేవి చేసుకోండి. చట్టాన్ని అక్షరాలా పట్టుకుంటే వీటిలోనూ కొన్నిటికి ప్రశ్న రావచ్చు, అందుకే ఒరిజినల్ భాగాలు అటక మీద ఉండాలి. హ్యాండిల్ కాస్త పొట్టిది వేయిస్తే బండి నిలబెట్టి ఐడిల్‌లో ఉంచి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడండి. ఎక్కడైనా ఇంజిన్ దానంతటదే రేజు అయిందంటే కేబుల్ గుంజుతోందన్నమాట, దారి మార్చి వేయించాలి. ఎల్‌ఈడీ బల్బు నేరుగా పెట్టకండి. ఈ బండి హెడ్‌లైటుకి కరెంటు మాగ్నెటో నుంచి ఏసీగా వస్తుంది, డీసీకి మార్పించకపోతే మిణుకుమిణుకుమంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్పోకులు వేయించుకోండి, మన తీరంలో అల్లాయ్ కన్నా అందంగా నిలుస్తాయి. మార్కెట్లో దొరికే పలచటి క్రోమ్ మడ్‌గార్డులు కొనకండి, ఒక్క వానాకాలానికే పొక్కులు లేస్తాయి. పాతవాటికే మళ్లీ క్రోమ్ పట్టించండి.

రంగు మార్చినా మార్చవచ్చు, కాకపోతే ఆర్సీలో ఎక్కించుకోవాలి. అదే నలుపైతే ఏ గొడవా లేదు. పెయింటర్‌కి ఒక్క మాట గట్టిగా చెప్పండి: హ్యాండిల్ మెడ దగ్గర చెక్కిన ఛాసిస్ నంబర్ మీద శాండ్‌బ్లాస్టింగ్ పడకూడదు, పౌడర్ కోటింగ్ మందంగా కూరుకోకూడదు, టేపు వేయాలి. నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే పెన్సిల్ ప్రింట్‌లో అంకె రాకపోతే మీరు దొంగబండి వాళ్ల వరసలో నిలబడతారు.

అమ్మగారి మాటకి వద్దాం. ఆవిడ వద్దనలేదు. వెనక ఎవరూ కూర్చోరా అని అడిగారు. మీరు దాన్ని మీ ఇష్టం మీద అభ్యంతరంగా తీసుకున్నారు, నేనైతే మామూలు ప్రశ్నగానే చదువుతాను. ఆ బండి వెనక సీటు మీద ఇన్నేళ్లు కూర్చున్నది ఆవిడ. మీ బొమ్మలో ఆ సీటు లేదు, చీర గార్డు లేదు, పట్టుకునే కడ్డీ లేదు. వెనక మనిషిని ఎక్కించుకునే బండికి ఆ గార్డూ, కడ్డీ, ఫుట్‌రెస్టూ ఉండి తీరాలని నిబంధనలే చెబుతున్నాయి. జవాబుగా ఆవిడకి పాత పొడుగు సీటుని కొత్త ఫోమ్‌తో చూపించండి. ట్యాంకు మీద సొట్టలేమైనా ఉంటే లప్పం పెట్టి పూడ్చాలా, ఉంచాలా అన్నది ఆవిణ్నే అడగండి. కొన్నప్పుడు సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించిన బండే అయి ఉంటే, ఆర్సీ మీ పేరున వచ్చిన రోజు మళ్లీ అక్కడికి వెనక కూర్చోబెట్టుకుని వెళ్లే పని కూడా ఒకటుంటుంది.

ఇంత విన్నాక కూడా మీకు కావలసింది అచ్చంగా ఆ బొమ్మలోలాంటి ఒంటి సీటు బండి, అంటే కెఫే రేసరే అయితే, ఈ బండిని అన్నయ్య చెప్పినట్టు సక్రమంగా అమ్మి, ఆ రూపంలోనే కంపెనీ తయారుచేసే కొత్త బండికి డౌన్‌పేమెంట్ కట్టడం నిజాయితీ గల దారి. కాగితాలు మీ చేతిలో ఉంటే ధర కూడా పెరుగుతుంది. పోయేది నాన్నగారి బండి. అది మీకూ అమ్మగారికీ ఎంతన్నది నేను తూచలేను. రెండో దారి, కాగితాలకీ ఇంజిన్‌కీ బ్రేకులకీ మీ డబ్బులో ఎక్కువ భాగం పెట్టి, మిగిలినదాంతో నలుపు రంగూ స్పోకులూ చేయించి ఏడాది నడపడం. అప్పటికీ హ్యాండిల్, లైటు మీద మనసుంటే అప్పుడు చేయించుకోవచ్చు. మూడోది, డబ్బు చాలకపోతే కాగితాలు మాత్రం ఇప్పుడే ముగించి బండిని ఆరబెట్టి, ట్యాంకులో నూనె తిప్పి, చక్రాలు నేలకి ఆనకుండా స్టాండు మీద ఉంచడం. నేను రెండోదానివైపు మొగ్గుతాను. కాకపోతే షిఫ్టులకి రోజూ పరవాడ వెళ్లాల్సిన బండి మీకు ఇదొక్కటే అయితే ఆలోచించండి. ముప్పై ఏళ్ల టూ స్ట్రోక్ ఏదో ఒక రోజు డ్యూటీ ఎగ్గొట్టిస్తుంది.

బండి సిద్ధమయ్యాక అందరూ మొదట పరుగెత్తేది అరకుకే. ఇంజిన్ కుదురుకోకముందు ఆ ఘాట్ ఎక్కించకండి. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దిగుడులో ఎక్స్‌లేటర్ పూర్తిగా మూసి గేరు మీదే బండిని జార్చొద్దు. ఈ బండిలో టూటీ పంపు త్రాటిల్‌తోనే తెరుచుకుంటుంది, చక్రం ఇంజిన్‌ని గిర్రున తిప్పుతున్నా ఆయిల్ చుక్కలుగానే వస్తుంది. మధ్యమధ్య క్లచ్ పట్టి ఒకసారి రేజు చేస్తూ దిగండి.

షాపు మార్చాలా అని కూడా అడిగారు. అదే షాపుకి వెళ్లి మొదటి వరసలో ఇంజిన్, రెండో వరసలో బ్రేకులు, ఛాసిస్ కోత లేకుండా కొత్త కొటేషన్ రాసివ్వమనండి. రాసిస్తే చేయించండి, నసిగితే లేచి వచ్చేయండి. ఎవరి దగ్గర చేయించినా విప్పిన ప్రతి ఒరిజినల్ ముక్కనీ, తుప్పు పట్టిందైనా సరే, గోనెసంచిలో వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. చెయిన్ కవరూ సైడు ప్యానెళ్లూ ముఖ్యంగా. వాటి ధర మీకన్నా వాళ్లకి బాగా తెలుసు.